గోపాల్‌పూర్‌లో తాతగారి ఇల్లు సెలవుల అద్దెకు: ముందు ఖాళీ రాత్రులు లెక్కపెట్టండి

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు మళ్లీ చెబుతాను. ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్‌లో సముద్రానికి రెండు వీధుల లోపల మీ తాతగారు కట్టిన మూడు గదుల ఇల్లు ఖాళీగా ఉంది. మీరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు. ఆ చుట్టుపక్కల ఇళ్లకు బుకింగ్ సైట్లలో రోజుకు 4,000 రూపాయలు కనిపించాయి. 8 లక్షలు పెట్టి ఇల్లు బాగు చేయించి సెలవులకు వచ్చేవారికి ఇస్తే గిట్టుబాటు అవుతుందా, ఈ మార్కెట్ ఎటు పోతోంది అన్నది మీ సందేహం. బరంపురంలో మీకున్న పై అంతస్తు, కొరాపుట్ వైపు మీ బావగారు చూపిస్తున్న లీజు, ఇంట్లో ఉన్న పాత టేకు మంచాలు, ఈ మూడింటి గురించి కూడా అడిగారు.

ఇవ్వవచ్చు. 8 లక్షలు మాత్రం పెట్టకండి.

మాది బరంపురం. మా ఆయన పదవీ విరమణ డబ్బులో కొంత పెట్టి 2012లో గోపాల్‌పూర్‌లో ఒక పాత ఇంటిని ఇలాగే మొదలుపెట్టాం. మరుసటి ఏడాదే ఫైలిన్ తుపాను వచ్చి పెంకులన్నీ ఎత్తుకుపోయింది. అప్పుడు మానేయకుండా నడిపినందుకు కొంత అనుభవం మిగిలింది. ఇక్కడ రాసేదానికి చాలావరకు ఆధారం నా జమాఖర్చుల పుస్తకమే.

ముందు ఆ 4,000 సంగతి. సైట్లో కనిపించేది అడిగిన ధర. ఆ ధరకు ఎన్ని రాత్రులు ఎవరైనా పడుకున్నారో అక్కడ కనిపించదు. మీ ఇంటికి నేను ఊహించి ఒక లెక్క వేశాను. శని ఆదివారాలు, పండుగలు, డిసెంబరు చివరి వారం కలిపి ఏడాదికి 60 రాత్రులు 4,500 చొప్పున పోయాయనుకోండి. 2,70,000. మిగతా రోజుల్లో ఇంకో 50 రాత్రులు 2,500 చొప్పున. 1,25,000. మొత్తం 3,95,000. వినడానికి బాగుంది. దాన్ని 365తో భాగిస్తే రాత్రికి 1,082 రూపాయలు. మీ ఇంటి అసలు ధర అదే, 4,000 కాదు. ఈ వ్యాపారంలో ఉన్న పెద్ద కంపెనీలు కూడా చివరికి చూసేది ఈ సంఖ్యనే. ఖాళీ రాత్రులను కూడా కలిపి భాగించాకే రాబడి ఎంతో తెలుస్తుంది.

ఇప్పుడు ఖర్చు. మీరు ఊళ్లో ఉండరు కాబట్టి ఇల్లు చూసుకునే మనిషికి నెలకు 9,000 అనుకుంటే ఏడాదికి 1,08,000. కరెంటు 36,000. ఒక్కో కుటుంబం సగటున రెండు రాత్రులు ఉంటే 55 సార్లు దుప్పట్లు ఉతికించి ఇల్లు కడిగించాలి. సారికి 600 చొప్పున 33,000. మూడింట రెండు వంతుల బుకింగులు సైట్ల ద్వారా వచ్చి, వాటి మీద 15 శాతం కమిషన్ పోతే దాదాపు 40,000. రంగులు, మరమ్మతులు 60,000. ఇంటర్నెట్, గ్యాస్, పన్నులు, పగిలిన గ్లాసులు కలిపి 30,000. మొత్తం 3,07,000. చేతిలో మిగిలేది 88,000. మీరు పెడతానంటున్న 8 లక్షలు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. సముద్రపు గాలిలో చేయించిన పని తొమ్మిదేళ్లు నిలవదు. అదే ఇంటిని నెలకు 7,000 చొప్పున ఎవరికైనా అద్దెకిస్తే ఏ తలనొప్పీ లేకుండా 84,000 వస్తాయి.

అయితే ఎందుకు చేయడం అంటారా? ఈ లెక్కను మార్చే మార్గాలు మూడు ఉన్నాయి. అవి తెలియాలంటే గోపాల్‌పూర్ ఎవరి సెలవుల మీద బతుకుతోందో చూడాలి.

మన తెలుగువాళ్ల సెలవుల మీద మాత్రం కాదు. ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం నుంచి వచ్చేవారిలో ఎక్కువమంది పొద్దున వచ్చి, సముద్ర స్నానం చేసి, సాయంత్రానికి వెళ్లిపోతారు. 2024 మార్చి నుంచి భువనేశ్వర్ - విశాఖపట్నం వందే భారత్ బరంపురంలో ఆగుతున్నాక ఇటు నుంచీ అటు నుంచీ ఒక్క రోజు ప్రయాణాలు మరీ తేలికయ్యాయి. మా గదులు నింపేది మొదటి నుంచీ బెంగాలీలే. హౌరాలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి బరంపురం. అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు దాటితే సముద్రం. దుర్గాపూజ, కాళీపూజ, క్రిస్మస్, జనవరి 26 చుట్టూ వచ్చే రోజులు, ఇదే మా పంచాంగం. సంక్రాంతికి ఇల్లు ఖాళీగా ఉందేమిటని మొదటి ఏడాది నేను బెంగపెట్టుకున్నాను. సంక్రాంతికి మన వాళ్లు సొంత ఊళ్లకు పోతారు కానీ సముద్రానికి ఎందుకు వస్తారు?

బెంగాలీ కుటుంబం ముందు రైలు టికెట్టు కొంటుంది, తరువాతే ఇల్లు వెతుకుతుంది. అందుకే 2024 నవంబరు 1 నుంచి రైల్వే వారు ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించినప్పుడు మా దగ్గర బుకింగులు కూడా ఆలస్యమయ్యాయి. వెనుకటి రోజుల్లో పూజకు నాలుగు నెలల ముందే ఫోన్లు మొదలయ్యేవి. ఇప్పుడు ఆగస్టు వచ్చేదాకా నిశ్శబ్దం. చివరి నిమిషపు బుకింగులు పెరిగాయని ప్రపంచమంతా చెప్పుకునే మాటకు మా ఊళ్లో కారణం ఇది. దీని వల్ల కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. జులైలో క్యాలెండర్ ఖాళీగా కనిపించగానే భయపడి పూజ రోజుల ధర సగానికి దించేస్తారు. సెప్టెంబరులో అడిగేవాళ్లు వచ్చేసరికి ఇల్లు చౌకగా పోయి ఉంటుంది. పూజ వారానికి ధర దించకండి, రెండు మూడు రాత్రుల కనీస నిబంధన పెట్టండి. ధర దించవలసింది ఆదివారం రాత్రి నుంచి గురువారం దాకా.

దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. మా మంచి సీజనూ తుపాన్ల సీజనూ ఒకటే. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న, సరిగ్గా పూజ రోజుల్లో. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచింది 2018 అక్టోబరు 11న, నవరాత్రులు మొదలైన మరునాడు. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికీ గోపాల్‌పూర్‌కూ మధ్య తీరం దాటింది. కాబట్టి పూజ రాబడిని చేతికి అందేదాకా లెక్కలోకి తీసుకోకండి. తుపాను హెచ్చరిక వస్తే అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఇస్తామని మొదటే రాయండి. ఒకసారి నేను మొండికేసి అడ్వాన్సు అట్టేపెట్టుకున్నాను. ఆ కుటుంబం రాసిన రెండు వాక్యాల రివ్యూ ఏడాదిన్నర పాటు మా పేజీ పైన కూర్చుంది. నేను మిగుల్చుకున్నది 3,000.

ఇక మార్కెట్ పోకడ. ఇళ్లను రోజువారీ అద్దెకు చూపే సైటు ఎయిర్‌బీఎన్‌బీ 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, గాలి పరుపులు వేసి అతిథులను ఉంచిన ఒక ఫ్లాటులో మొదలైంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ సంస్థ తన సిబ్బందిలో నాలుగో వంతును తీసేసింది, అదే ఏడాది డిసెంబరులో షేర్ మార్కెట్లోకీ వెళ్లింది. ఒక్క ఏడాదిలో ఇంత తలకిందులు కావడానికి కారణం, జనం ప్రయాణాలు మానేయకుండా తీరు మార్చుకోవడం. విమానం వదిలి కారెక్కారు, హోటలు వదిలి విడి ఇల్లు అడిగారు. మా దగ్గరా అదే జరిగింది. భువనేశ్వర్ నుంచి, విశాఖపట్నం నుంచి సొంత కార్లలో వచ్చి, నలుగురి కంట పడకుండా ఉండే ఇల్లు కావాలన్నవాళ్లు 2021లో మొదటిసారి కనిపించారు.

ఆ ఊపు చూసి అందరూ ఇళ్లు పెట్టారు. 2022 నాటికి అమెరికాలో అతిథుల కంటే ఇళ్లు వేగంగా పెరుగుతున్నాయని గగ్గోలు మొదలైంది. న్యూయార్క్ 2023 సెప్టెంబరు నుంచి నమోదు లేని ఇళ్లను స్వల్పకాలిక అద్దెకు ఇవ్వనివ్వడం లేదు. యజమాని అక్కడే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. బార్సిలోనా నగరం 2028 నాటికి పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఎత్తేస్తామని ప్రకటించింది. ఊరివాళ్లకు ఉండడానికి ఇళ్లు దొరకకపోవడం అక్కడి గొడవ. గోపాల్‌పూర్‌లో తాళాలు వేసిన ఇళ్లకు కొదవ లేదు కాబట్టి ఆ గొడవ మనకు ఇప్పట్లో రాదు. ఇళ్లు ఎక్కువై ధరలు జారడం మాత్రం వచ్చేసింది. మా వీధిలో ఒకప్పుడు నేనొక్కదాన్నే. ఇప్పుడు గేట్ల మీద బోర్డులు చదువుకుంటూ నడవవచ్చు.

ఈ పోటీలో నలిగేది ఒక్కో గదిని విడిగా ఇచ్చేవారు. మన పొరుగు రాయగడ జిల్లా బిస్సం కటక్‌లో పుట్టిన రితేష్ అగర్వాల్ 2013లో ఓయో మొదలుపెట్టాక చిన్న హోటళ్ల గది ధర ఫోనులో అందరికీ కనిపించడం మొదలైంది. శుభ్రమైన దుప్పటి, ఏసీ, వైఫై ఉన్న హోటలు గది అంత చౌకగా దొరుకుతుంటే మీ ఇంట్లో ఒక గది కోసం ఎవరూ రారు. అదే ఓయో 2019లో యూరప్‌లో సెలవుల ఇళ్లు నడిపే సంస్థను కొన్నది. గదుల వ్యాపారంలో పెరిగినవాళ్లే ఇళ్ల వైపు వెళ్లారంటే అందులో ఏదో ఉండాలి కదా. నా అనుభవమూ అదే. 2017 దాకా మూడు గదులు మూడు కుటుంబాలకు ఇచ్చేదాన్ని. ఇప్పుడు మొత్తం ఇల్లు ఒకే కుటుంబానికి ఇస్తాను. అమ్మమ్మతో సహా ఎనిమిది మంది వస్తారు. హోటల్లో వాళ్లకు మూడు గదులు కావాలి, అందరూ కలిసి కూర్చునే చోటు ఉండదు. మీ ఇంటికి గిరాకీ తెచ్చేది ఆ వసారా, ఆ వంటగది.

వంటగది అన్నందుకు ఒక మాట. బెంగాలీలు ఉదయం ఒడ్డుకు పోయి, పడవ దిగిన చేపలు బేరమాడి కొని తెచ్చుకుని వండుకుంటారు. అక్కడ పడవల వాళ్లు, ఒడియా వాళ్లు నోలియాలు అని పిలిచే మన తెలుగు జాలర్లే. బెంగాలీకీ తెలుగుకూ మధ్య ఆ బేరం వినవలసిందే. పెద్ద మూకుడు, ఆవనూనె సీసా, చేపలు కోసే కత్తిపీట పెట్టి ఉంచండి. వీటికి అయ్యే ఖర్చు వెయ్యి రూపాయలు దాటదు, రివ్యూల్లో వీటి ప్రస్తావన ఏసీ కంటే ఎక్కువ వస్తుంది. శాకాహారుల కోసం వేరే గిన్నెలు ఒక పెట్టెలో కట్టి దాచండి.

ఇప్పుడు లెక్క మార్చే మార్గాలు. ఒకటి, ఒకసారి వచ్చినవాళ్లు రెండోసారి నేరుగా మీకే ఫోను చేసేలా చూసుకోవడం. రెండు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా రోజువారీ అద్దె మానేయడం. ఆ వానల్లో సెలవులకు వచ్చేవారు తక్కువ, ఇంట్లో తేమ ఎక్కువ. రేవు పనుల మీద, ఛత్రపురంలోని అరుదైన ఖనిజాల కర్మాగారం కాంట్రాక్టుల మీద వచ్చే ఇంజినీర్లు రెండు మూడు నెలలకు సామానుతో ఉన్న ఇల్లు వెతుకుతారు. నెలకు 12,000 వచ్చినా నాలుగు నెలలకు 48,000. నా లెక్కలోని 110 రాత్రుల్లో ఆ నెలల్లో పడేవి ఎలాగూ కొద్దే. 28 రాత్రులు, అంతకు మించిన బసలను సైట్లు విడిగా చూడడం కరోనా తరువాత బాగా పెరిగింది. పెద్ద నగరాల్లో ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేవారు ఆ బసలు నింపితే, మన దగ్గర హెల్మెట్ పట్టుకుని వచ్చేవారు నింపుతారు. మూడోది, ఇల్లు చూసుకునే మనిషి. జీతానికి ఒకరిని పెట్టే బదులు పక్కింటి కుటుంబానికి రాబడిలో వాటా ఇవ్వండి. నేను ఐదో వంతు ఇస్తాను. ఇల్లు ఖాళీగా ఉన్న నెలల్లో నాకు భారం లేదు. నిండిన నెలల్లో పక్కింటావిడే రెండుసార్లు తుడుస్తుంది. ఎయిర్‌బీఎన్‌బీలో సూపర్‌హోస్ట్ (మంచి యజమాని) గుర్తింపుకు రేటింగ్ 4.8 ఉండాలి, అడిగినవారిలో 90 శాతం మందికి సమయానికి జవాబివ్వాలి. హైదరాబాదు నుంచి జవాబులు మీరు ఇవ్వగలరు. కొళాయి కారుతోందంటే అరగంటలో వెళ్లే మనిషి మాత్రం అక్కడే ఉండాలి.

బాగుచేయించడానికి రెండు, రెండున్నర లక్షల్లో ఆగండి. స్నానాల గదులు, నీళ్లు, పరుపులు, కరెంటు పోతే ఫ్యాన్లు తిరిగేలా ఇన్వర్టరు. అంతే. సముద్రం పక్కన ఇనుము పెట్టిన ప్రతి చోటా డబ్బు తుప్పు పడుతుంది. కిటికీ చట్రాలు అల్యూమినియంవి వేయించండి, మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడమనండి. ఏసీ బయటి యూనిట్ సముద్రం వైపు గోడకు బిగించకండి. నేను బిగించి, రెండో వేసవికి కొత్తది కొన్నాను. వసారా మెట్ల దగ్గర కాళ్లు కడుక్కునే కొళాయి లేకపోతే ఇంటి కాలువలన్నీ ఇసుకతో మూసుకుపోతాయి. పైన ఇంకో అంతస్తు వేద్దామని మేస్త్రీ అంటాడు, తప్పకుండా అంటాడు. తీర నియంత్రణ నిబంధనలు సముద్రపు పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా వర్తిస్తాయి. మీ ఇల్లు ఆ లోపలే ఉంది. పురపాలక కార్యాలయంలో అడగకుండా ఇటుక పేర్చకండి.

కాగితాల పని క్లుప్తంగా. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం ఆరు గదుల దాకా వర్తిస్తుంది కానీ యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. మీరు ఉండరు, కాబట్టి మీది అతిథి గృహం కిందికి వస్తుంది. స్థానిక లైసెన్సు సంగతి ఆ పేరుతోనే అడగండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మీకు జీఎస్టీ నమోదు అవసరం రాదు. సైటు ద్వారా వచ్చే బుకింగుల మీద జీఎస్టీ ఆ సైటే వసూలు చేసి కడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాటని బసలకు అది 5 శాతం. విదేశీయులు దిగితే 24 గంటల్లో వారి వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. 2025 బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్రా రుణాలు (చిన్న వ్యాపారాలకిచ్చేవి) ప్రకటించారు కదా అని ఎవరైనా అంటారు. పైన 88,000 చూశారు కదా. అందులోంచి వాయిదా కట్టి చూడండి.

బరంపురం పై అంతస్తు గురించి మీరు ఒక్క వాక్యంలో అడిగారు. నన్నడిగితే మీ రెండు ఆస్తుల్లో స్థిరమైన రాబడి అదే ఇస్తుంది. సముద్రం కనిపించదు, ఫొటోలు బాగుండవు, అయినా ఏడాది పొడుగునా మనుషులు వస్తారు. 1962లో మొదలైన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికి గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచీ శ్రీకాకుళం వైపు నుంచీ రోగులు వస్తారు. వెంట వచ్చినవాళ్లకు వారం పది రోజులు వండుకునే చోటు కావాలి. విశ్వవిద్యాలయం, కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ ఐసర్ ఉన్నాయి, పరీక్షలకు, ప్రవేశాలకు తల్లిదండ్రులు వస్తారు. పెళ్లిళ్లకు పట్టుచీరలు కొనేవారు ఉండనే ఉన్నారు. రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి ఉత్సవం ఠాకురాణి యాత్రకు ఊళ్లో గది దొరకదు. రోజుకు 1,200 పెట్టండి, శని ఆదివారాలకు ధర పెంచకండి. ఆసుపత్రికి వచ్చినవాడికి ఆదివారం సెలవు కాదు. లిఫ్టు లేకపోతే ఆ మాట ముందే రాయండి.

కొరాపుట్ వైపు గిరాకీ పెరుగుతున్న మాట నిజం. అరకు నిండిపోయిన శనివారాల్లో విశాఖపట్నం కార్లు ఇంకాస్త పైకి వచ్చి, 1,672 మీటర్ల దేవమాలి మీద మంచు చూసి, కాఫీ తాగి వెళ్తున్నాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. కానీ మీ బావగారి లీజు కాగితం నాకు భయంగా ఉంది. కొరాపుట్, రాయగడ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కావడాన్ని 1956 నాటి ఒడిశా నిబంధన అడ్డుకుంటుంది, లీజు కూడా ఆ నిబంధన దృష్టిలో బదిలీయే. భూమి ఎవరి పేరున ఉందో పట్టాలో చూడకుండా, జయపురంలో ఒక వకీలుకు చూపించకుండా అడ్వాన్సు ఇవ్వకండి. బావగారు నొచ్చుకుంటే నా పేరు చెప్పండి.

టేకు మంచాలు అమ్మకండి. గోపాల్‌పూర్ రేవు నుంచి ఓడలెక్కి రంగం (రంగూన్) వెళ్లి సంపాదించినవారు కట్టిన ఇళ్లలో మీ తాతగారిది ఒకటని మీరే రాశారు. ఆ బర్మా టేకు ఇప్పుడు కొనాలంటే అంత తేలిగ్గా దొరకదు. రెండు మంచాలు ముందు గదిలో వేసి, కొత్త పరుపులు కొలత ఇచ్చి కుట్టించండి, పాత మంచాలకు బజారు పరుపు సరిపోదు. మంచం ఎత్తు ఎక్కువ కాబట్టి పెద్దవాళ్ల కోసం పక్కన చిన్న పీట పెట్టండి. మంచం కోళ్ల కింద రాతి దిమ్మలు ఉంచితే చెద ఎక్కదు. సైటులో పెట్టే మొదటి ఫొటో ఆ గదిదే తీయించండి, ఉదయం ఏడు గంటలకు, తూర్పు కిటికీ తెరిచి.